ఉద్యోగము విడిచిన పిదప యేబది నాలుగేండ్లు

గిద్దలూరునకు సమీపమున, బేస్తవారిపేట మండలములో మోక్షగుండమను గ్రామము కలదు. గుండమనగా నీటిమడుగు. వానలు తక్కువైన యీ మెట్టసీమలో ఊరి పేరులోనైనను నీరుండుట ఒక విశేషమే. కొన్ని తరములకు పూర్వము ఈ యూరినుండి ఒక తెలుగు కుటుంబము బయలుదేరి మైసూరు సీమకు వలసపోయి, చిక్కబళ్ళాపురము దగ్గరి ముద్దెనహళ్ళిలో స్థిరపడెను. వారు ఊరు విడిచిరి గాని ఊరి పేరును విడువలేదు. ఆ యింట 1860వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన జన్మించినవారే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన పుట్టిన దినమును దేశమంతట ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుకొనుచున్నారు.

విశ్వేశ్వరయ్యగారనగానే అందరికిని ఆనకట్టలు జ్ఞాపకము వచ్చును. ఈ పాఠమున మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొక సంగతి. ఆయన ఒక గొప్ప ఉద్యోగమును, ఎవరును పొమ్మనకుండగనే, తమంతట తామే విడిచిపెట్టిరి. ఆ సంగతి ఇప్పుడు చెప్పవలసి వచ్చుటకు కంభము చెరువు కట్టమీద జరిగిన ఒక సంభాషణ కారణము.

పోయిన వేసవిలో ఒకనాటి సాయంకాలము మేము ఆ కట్టపై నడచుచుంటిమి. గుండ్లకమ్మకు అడ్డముగా, రెండు కొండల నడుమ, విజయనగర రాజుల కాలమున కట్టిన కట్ట యది. ఎత్తు 57 అడుగులు. మాతో ఆ ప్రాంతపు రైతొకరును, ఆయన కుమారుడును ఉండిరి. కుమారుడు బెంగుళూరులో ఒక కంపెనీలో ఇంజనీరు. వయస్సు ముప్పది దాటినది. కొంతదూరము మౌనముగా నడచి, ఆ యువకుడు మెల్లగా నిట్లనెను:

"సార్, జీతం బాగానే వస్తుంది. పదేళ్ళయింది. కానీ పొద్దున లేస్తే ఆ పని మీదికి మనసు పోవడం లేదు. ఇంటికొచ్చి నాయనతో పాటు పొలం చూసుకుందామని వుంది."

తండ్రి వెంటనే అందుకొనెను. "సారూ, మీరన్నా చెప్పండి వీడికి. నేను అప్పు చేసి చదివించింది మళ్ళీ ఈ ఎర్రమట్టిలో దిగడానికా? ఈ నేలను నమ్ముకొని నేనేం బావుకున్నాను?"

ఇద్దరి మాటయు న్యాయముగనే తోచినది. మేము నెలజీతము తీసికొనువారము. ఉద్యోగము విడువుమని చెప్పుట మాకు సులభము. విడువవలసినది మేము కాదు గదా! ఉద్యోగము పురుషలక్షణమని అప్పచెప్పి తప్పించుకొనుటయు అంతే సులభము. కావున ఆనాడు ఏమియు చెప్పలేక నీటివంక చూచి ఊరకుంటిమి. మరునాడు బేస్తవారిపేటలో కొందరు పెద్దలతో మాటలాడుచుండగా మోక్షగుండము ప్రసక్తి వచ్చెను. ఆ యువకునకు చెప్పవలసిన కథ వాని యింటికి అంత చేరువలోనే యున్నదని అప్పుడు తోచినది.

విశ్వేశ్వరయ్యగారి తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. కుమారుని చదువు ముగియకమునుపే ఆయన కాలధర్మము చెందిరి. పిల్లవాడు బెంగుళూరు చేరి, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పుచు, సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథముడుగా నిలిచెను. 1884లో బొంబాయి ప్రభుత్వమువారు ఆయనను పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నియమించిరి. ఆ కాలమున ఒక భారతీయుడు, అందును తండ్రిలేని పేదయింటి బిడ్డ, అట్టి పదవి నందుట సామాన్యము కాదు. ఆ వార్త విన్ననాడు ముద్దెనహళ్ళిలో ఎంత సంతోషము కలిగియుండునో మన పల్లెలలో కొడుకునకు ఉద్యోగపు ఉత్తరువు వచ్చిన యిల్లు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆయన ఆ శాఖలో ఇరువదినాలుగేండ్లు పని చేసిరి. సింధు రాష్ట్రమున సుక్కూరు పట్టణమునకు బురదనీరు తప్ప గతిలేని దినములలో, సింధునది గర్భముననే బావి త్రవ్వించి, ఇసుకగుండ ఊరి తేరిన నీటిని ఊరికి అందించిరి. పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో తాము కల్పించిన స్వయంచాలక తలుపులను అమర్చిరి. మన చెరువులకు అలుగు ఉన్నది. చెరువు నిండిన పిదప మిగిలిన నీరు అలుగుమీదుగా పొర్లి పోవును. అలుగు ఎత్తు పెంచినచో నీరు ఎక్కువ నిలుచును గాని, వరద వచ్చిననాడు కట్టకు ముప్పు. ఈ చిక్కును విశ్వేశ్వరయ్యగారు ఇట్లు తీర్చిరి: అలుగుమీద తలుపు లుంచిరి. నీరు ఒక మట్టము వరకు వచ్చుదాక అవి మూసికొనియే యుండి నీటిని నిలుపును. అంతకు మించి వరద పెరిగినచో, మనిషి చేయి తగులకుండగనే, నీటి బలముతోనే తెరచుకొనును. వరద తగ్గగానే మరల మూసికొనును. కట్టను పెంచకుండగనే నీటి నిలువ పెరిగెను. రాత్రివేళ వానలో కట్టమీద కాపలా కాచిన రైతునకు ఈ యేర్పాటు విలువ మాకంటె బాగుగ తెలియును.

ఇట్టి పనులవలన ఆయనకు పేరు వచ్చెను. పెక్కుమంది పైవారిని దాటి పదోన్నతియు లభించెను. అక్కడనే చిక్కు మొదలయ్యెను. దాటబడినవారికి కంటగింపు కలిగెను. ఆ దినములలో ముఖ్య ఇంజనీరు పదవి ఆంగ్లేయులకే దక్కుచుండెను. ఎంత ప్రజ్ఞ యున్నను భారతీయునకు ఒక మెట్టు వరకే దారి. పైకప్పు ఎక్కడ తగులునో ఆయనకు స్పష్టముగ కనబడెను. యాబదికి ఇంకను చేరని వయస్సు. అక్కడనే కూర్చుండి, నెలనెలకు జీతము తీసికొనుచు, గౌరవముగా విరమణ దినము వరకు వేచియుండవచ్చును. వేయింట తొమ్మిదివందల తొంబది తొమ్మండుగురు అట్లే చేయుదురు. దానిలో తప్పును లేదు. విశ్వేశ్వరయ్యగారు మాత్రము 1908లో సెలవు పుచ్చుకొనిరి.

ఈ సందర్భమున ఒక సంగతి గమనింపదగినది. నిబంధనల ప్రకారము పింఛనునకు ఇరువదియైదేండ్ల సర్వీసు నిండవలెను. ఆయనకు అది నిండలేదు. అయినను ఆయన చేసిన పనులను బట్టి ప్రభుత్వమువారు ప్రత్యేకముగా పింఛను మంజూరు చేసిరి. కోపముతో కాగితము చించి బల్లపై పారవైచి వచ్చినవారికి ఇట్టిది జరుగదు. తాము పొందిన అసంతృప్తిని ఆయన తగవుగా మార్చుకొనలేదు. ఇంటికి వచ్చి రచ్చబండపై పాత యజమానిని తిట్టుచు కాలము గడుపువారిని మనము ఎరుగుదుము గదా! వారు ఉద్యోగమును విడిచినను ఉద్యోగము వారిని విడిచిపెట్టలేదు.

తరువాత ఏమి చేయవలెనో ఆయన ముందుగా నిర్ణయించుకొని బయలుదేరలేదు. ఇతర దేశములలో నీటిపనులు, పరిశ్రమలు ఎట్లు జరుగుచున్నవో చూచుటకై ఐరోపా, అమెరికా ఖండములకు ప్రయాణమైరి. ఆయన ఇటలీలో ఉండగా హైదరాబాదు నుండి పిలుపు వచ్చెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసి, వేలకొలది ప్రాణములను హరించెను. మరల అట్టి ఆపద రాకుండ ఉపాయము చెప్పవలెనని నిజాము ప్రభుత్వమువారు కోరిరి.

1909లో ఆయన వచ్చి మొదట చేసినది చెరువుల లెక్క. నగరమునకు ఎగువన మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులు ఉండగా, ఆ వరదలో 221 చెరువులు తెగినట్లు తేలెను. ఒక చెరువు తెగి క్రింది చెరువుపై పడును. అది తెగి దాని క్రిందిదానిపై పడును. నగరమును ముంచినది వాన యొక్కటియే కాదు, తెగిన కట్టల నీరును కలసి వచ్చినది. ఆయన సూచనల మేరకు ఎగువన రెండు పెద్ద జలాశయములు నిర్మింపబడినవి. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరు పూర్తియైనవి. సుక్కూరులో, ఖడక్‌వాస్లాలో చేయి తిరిగిన పనియే ఇక్కడ ఒక మహానగరమునకు రక్షణయైనది.

ఇంతలో మైసూరు ప్రభుత్వమువారు తమ సంస్థానమునకు ముఖ్య ఇంజనీరుగా రమ్మని ఆహ్వానించిరి. బొంబాయిలో అందని పదవి ఇంటి ముంగిటకే వచ్చినది. ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. సాంకేతిక విద్యకును, పరిశ్రమలకును పని చేయుటకు అవకాశ ముండునా యని ముందు విచారించిరి. ఉండునని తెలిసిన పిదపనే 1909 నవంబరులో చేరిరి. 1911లో కావేరిపై కృష్ణరాజసాగరము పని మొదలయ్యెను. సిమెంటునకు బదులు సున్నము, ఇటుకపొడి కలిపిన సుర్కీతో 130 అడుగుల ఎత్తున ఆ కట్ట లేచెను. 1912లో ఆయన దివానైరి. దివాను పదవికి ఒప్పుకొనుటకు ముందు తమ బంధువులను పిలిచి, తన పదవిని అడ్డుపెట్టుకొని ఎవరును ఏ మేలును కోరరాదని మాట తీసికొనిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆయన దివానుగా ఉన్న కాలమున 1913లో మైసూరు బ్యాంకును, 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును వెలసినవి.

1918లో ఆయన దివాను పదవినికూడ విడిచిరి. వెనుకబడిన వర్గములవారికి ఉద్యోగములలో ప్రత్యేక స్థానములు కల్పింపవలెనను విషయమున మహారాజుగారికిని ఆయనకును అభిప్రాయభేదము వచ్చెను. యోగ్యత యొక్కటియే ప్రమాణమని ఆయన వాదము. తరతరములుగా బడి గడప తొక్కనీయబడని బిడ్డలను, తొలినుండి చదువున్న యింటి బిడ్డలతో ఒకే గీతపై నిలిపి పరుగెత్తుమనుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఈ యంశమున మహారాజుగారి పక్షమే మాకు సరియైనదిగా తోచుచున్నది. అయినను తాను నమ్మని పనిని పదవికొరకు చేయక తొలగిపోయిన తీరు మాత్రము మెచ్చదగినదే.

ఆ తరువాత ఆయన మరల పెద్ద కొలువులో చేరలేదు. అయినను ఖాళీగా కూర్చుండినదియు లేదు. 1923లో నష్టములతో నడచుచున్న భద్రావతి ఇనుప కర్మాగారమునకు అధ్యక్షులై దానిని చక్కదిద్దిరి. ఆ పనికి తమకు రావలసిన సొమ్మును బాలురకు చేతిపనులు నేర్పు విద్యాలయమునకు వినియోగింపుమనిరి. 1934లో దేశమునకు ప్రణాళిక యెట్లుండవలెనో చెప్పు గ్రంథము వెలువరించిరి. 1937లో ఒరిస్సా వరదలను గూర్చి నివేదిక వ్రాసిరి. తొంబదేండ్లు దాటిన పిదప గంగానదిపై వంతెన ఎక్కడ కట్టవలెనో నిర్ణయించు సంఘమునకు అధ్యక్షత వహించిరి. 1955లో భారతరత్న బిరుదము వచ్చెను. 1962లో, నూరేండ్లు నిండిన పిదప, దివంగతులైరి.

లెక్క చూతము. 1884 మొదలు 1908 వరకు బొంబాయి కొలువు ఇరువదినాలుగేండ్లు. 1908 మొదలు 1962 వరకు యేబది నాలుగేండ్లు. మనము ఆయనను తలచుకొనునది చాలవరకు ఈ రెండవ భాగమునకే. కాని మొదటి భాగము లేక రెండవది లేదు. ఆయన కొలువును విడిచిరి గాని నీటిపనిని విడువలేదు. ఆ కొలువులో నేర్చినదంతయు మూటగట్టుకొని బయటికి వచ్చిరి. బెంగుళూరు యువకుడు వచ్చిన దినమున వాని మూటలో ఏమున్నది? ఈ ప్రశ్నను మేము తరువాత వాని నడిగితిమి. వాడు చాలసేపు ఆలోచించి, యంత్రములచే లెక్కలు చేయించుట, పదిమందితో పని చేయించుట, సరకునకు గిరాకి ఎక్కడ ఉన్నదో వెదకుట తనకు తెలియుననెను. సేద్యము తెలియునా యనగా, సెలవులకు వచ్చినప్పుడు చూచుటయేనని నవ్వెను.

అందరికిని విశ్వేశ్వరయ్యగారికి వలె కథ సుఖముగా ముగియదు. ఆ మాట దాచుట మాకు తగదు. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ యేడు ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన క్రొత్త జిల్లాలో అవి కలిసెను. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. ఆయన బాల్యమున తండ్రి పోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడపి పెంచెను. అట్టి పిల్లవాడు బారిష్టరై మద్రాసు హైకోర్టులో విశేషముగా ధనమార్జించెను. 1921లో సహాయ నిరాకరణోద్యమమున ఆ వృత్తిని విడిచి, అదే యేడు 'స్వరాజ్య' పత్రికను స్థాపించెను. ఆర్జించినదంతయు అందులో కరగిపోయెను. పత్రికయు నిలువలేదు. తరువాత ఆయన మద్రాసు రాష్ట్రమునకు ప్రధానిగను, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రిగను పని చేసిరి. కాని పోయిన ఆస్తి మరల రాలేదు. 1957లో మరణించునాటికి ఆయనకు మిగిలినది ప్రజల అభిమానమే. ఆయన పశ్చాత్తాపపడిరని ఎవరును చెప్పలేరు. అయితే ఇంటిల్లిపాదియు ఆ దారిద్ర్యమును పంచుకొనవలసి వచ్చినదను మాటను, ఇట్టి నిర్ణయము చేయువారు మరువరాదు.

మూడవ రకము వారును ఈ సీమలోనే కలరు. ఒకప్పుడు దేశమునందలి బడిపిల్లల చేతులలోనికి మార్కాపురపు పలకలు పోయెడివి. కాగితపు పుస్తకములును ప్లాస్టిక్ పలకలును వచ్చి ఆ గిరాకిని తగ్గించెను. పలకల పనివారు తమ పనిని విడువలేదు. పనియే వారిని విడిచెను. కొందరు ఆ రాతినే నేలకును గోడలకును పరచు బండలుగా మలచుట నేర్చుకొని నిలద్రొక్కుకొనిరి. చేతిలోని నేర్పును క్రొత్త సరకునకు త్రిప్పుకొనగలిగిన వారి కథకూడ విశ్వేశ్వరయ్యగారి కథకు దూరపు చుట్టమే.

ఇక నేల మాట. ఈ పడమటి ప్రాంతమున పట్నపు కొలువు విడిచి వచ్చువారిని ముంచునది ఎక్కువగా బోరుబావి. వందల అడుగులు దించినను నీరు పడని చోట్లు ఎన్నియో కలవు. పడిన నీటిలో ఫ్లోరైడు ఉన్న చోట్లును కలవు. పదేండ్లు కూడబెట్టినది మొదటి బోరులో సగము పోవును. పట్టుదలతో రెండవదానికి అప్పు పుట్టును. మూడవదానితో పొలము తాకట్టు పడును. వెలిగొండ నీరు వచ్చునని ఆశ గలదు. శ్రీశైలము జలాశయము నుండి 43.5 టి.ఎం.సి.ల వరదనీటిని కొండక్రిందగా ఈ వైపునకు త్రిప్పు ఆ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. దాదాపు పందొమ్మిది కిలోమీటర్ల పొడవుగల జంట సొరంగములకు 2024 మార్చిలో ప్రారంభోత్సవము జరిగెను. ఆనాటికి పొలములకు నీరు చేరలేదు. సొరంగము తెరచుట వేరు, మడిలో నీరు నిలుచుట వేరు. మడిలో నిలిచిన నీటినే లెక్కలోనికి తీసికొనవలెను గాని, రాబోవు నీటిని నమ్మి రాజీనామా వ్రాయరాదు. ప్రచార శాఖలోనివారమైన మేమే ఈ మాట చెప్పుట వింతగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు.

ఇవన్నియు ఆ తండ్రికొడుకులకు, వారి యింటి అరుగుమీదనే కూర్చుండి చెప్పితిమి. కొడుకు మోక్షగుండము కథను శ్రద్ధగా వినెను. తండ్రికి నచ్చినది మాత్రము 221 చెరువుల లెక్క. దానిని మరల చెప్పించుకొని, "అంటే పైచెరువు చూసుకోకుండా కిందిచెరువు కట్టుకున్నా లాభం లేదన్నమాట" అనెను. పిమ్మట తమ పొలమునకు ఎగువన పూడిపోయిన కుంట సంగతి ఎత్తెను. దాని కట్టకు గండి పడి పదునైదేండ్లాయెననియు, ఎవరును పట్టించుకొనలేదనియు చెప్పెను. కొడుకునకు ఆ కుంట యున్నదనియే తెలియదు.

గత కార్తికమున మరల ఆ వైపునకు పోయితిమి. ఆ యువకుడు ఇంకను రాజీనామా ఇయ్యలేదు. జీతములేని సెలవుపై మూడు మాసములు వచ్చియుండెను. ఇంటి ఖర్చులకు ఏడాదికి సరిపడు సొమ్మును భార్య పేర బ్యాంకులో వేసి, అది ముట్టరాదని ఇద్దరును నిశ్చయించుకొనిరట. బోరు ఊసెత్తలేదు. కుంట గండిని పూడ్పించి, పూడికమట్టిని బండ్లతో పొలమునకు తోలించుచుండెను. తండ్రి కట్టమీద నిలిచి, అలుగు ఏ మట్టమున పెట్టవలెనో కఱ్ఱతో చూపుచుండెను. వారిద్దరికిని మట్టము విషయమున ఏకాభిప్రాయము కుదరలేదు. కొడుకు ఒక జేనెడు ఎత్తు కావలెననుచుండెను. తండ్రి ముందుగా ఒక వాన చూతమనుచుండెను.